ఒకే చేప మొప్పల్లో తొమ్మిది జాతుల పురుగులు: మరి పోటీ ఏది?

యూరప్ నదుల్లో, సరస్సుల్లో రోచ్ అనే చేప విరివిగా దొరుకుతుంది. మన బొచ్చె, శీలావతి చేపలకు దూరపు చుట్టం. చూడటానికి పెద్ద విశేషమేమీ ఉండదు. కానీ పరాన్నజీవుల మీద పనిచేసేవాళ్లకు దీని మొప్పలంటే తెగ ఆసక్తి. చెక్ రిపబ్లిక్‌కు చెందిన ఆండ్రియా షిమ్కోవా, ఆమె సహచరులు 2000లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం ఈ మొప్పల గురించే. డాక్టైలోగైరస్ అనే ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు) చెందిన తొమ్మిది జాతుల పురుగులు అక్కడ కలిసి ఎలా బతుకుతున్నాయో వాళ్లు పరిశీలించారు. తొమ్మిదీ ఒకే ప్రజాతివి. తొమ్మిదీ ఉండేది మొప్పల మీదే. తినేదీ దాదాపు ఒకటే: మొప్పల పైపొర కణాలు, వాటి మీది జిగురు.

జీవశాస్త్రం పాఠాల ప్రకారం ఇది కుదరకూడదు. రష్యాలో గౌజ్ అనే శాస్త్రవేత్త పారమీసియం అనే ఏకకణ జీవుల్లో రెండు జాతులను ఒకే గొట్టంలో, ఒకే మేతతో పెంచాడు. విడివిడిగా పెంచితే రెండూ బాగానే పెరిగాయి. కలిపి పెంచితే ఒకటి నిలిచింది, రెండోది అంతరించింది. 1934లో ఆయన పుస్తకంగా తెచ్చిన ఆ ప్రయోగాల నుంచే ఒక సూత్రం స్థిరపడింది: ఒకే వనరు మీద ఒకే తీరుగా ఆధారపడే రెండు జాతులు ఎక్కువ కాలం కలిసి ఉండలేవు. రెండింటికే చోటు లేదంటే, ఒక చేప మొప్పల్లో తొమ్మిది ఎలా ఇమిడాయి?

ఈ ప్రశ్నకు చాలాకాలం ఒకే రకం సమాధానం వినిపించేది: చోటు పంచుకుని ఉంటాయి, ఎవరి మూల వాళ్లది. వినడానికి బాగుంటుంది కానీ అది కథలో సగం కూడా కాదు. అసలు చోటు కొరత ఉందా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

మొప్ప లోపల

చేప చెంప మీది మూత ఎత్తితే ఒక్కో పక్కన నాలుగు వంపు ఎముకలు కనిపిస్తాయి. ప్రతి వంపు మీదా రెండు వరసల్లో ఎర్రటి సన్నని రేకులుంటాయి. ఆ రేకుల మీద అడ్డంగా ఇంకా చిన్న మడతలు. ఊపిరి తీసుకునే పని అక్కడే జరుగుతుంది. ఒక వంపును కత్తెరతో కోసి, నీళ్లున్న గాజు గిన్నెలో వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మొదట ఏ పురుగూ కంటికి ఆనదు. కాసేపు అలాగే చూస్తే ఏదో ఒక రేకు అంచున సన్నటి కదలిక. గాజులా పారదర్శకంగా ఉండి, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పొడవున్న పురుగు సాగుతూ, ముడుచుకుంటూ రేకును తడుముతుంటుంది. తల వైపు నాలుగు నల్లటి కంటి చుక్కలు. వెనక వైపు రేకును పట్టుకునే బిళ్ల. ఆ బిళ్లలో రెండు పెద్ద కొక్కేలు, అంచు చుట్టూ 14 చిన్న కొక్కేలు. ఏ జాతిదో తేల్చాలంటే పైరూపం చాలదు. పురుగును గాజు పలకల మధ్య నొక్కి, కొక్కేల ఆకారం, జననాంగంలోని గట్టి భాగాల వంపులు చూడాల్సిందే. డాక్టైలోగైరస్ ప్రజాతిలో ఇప్పటికి 900కు పైగా జాతులకు పేర్లు పెట్టారంటే, ఆ పేర్లలో ఎక్కువ భాగం ఈ కొక్కేల కొలతల మీద నిలబడినవే.

ఇంతసేపూ వెతికాక కొట్టొచ్చినట్టు కనిపించేది పురుగులు కాదు, ఖాళీ. సహజమైన నీళ్లలో పట్టిన చేప మొప్పల్లో రేకులు వందల్లో ఉంటే, వాటిలో చాలామటుకు పురుగు పట్టనివే. సగం ఖాళీగా వచ్చిన బస్సులో సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాడు ఉండడు కదా. షిమ్కోవా బృందం పరిశీలనలోనూ పరిస్థితి ఇలాగే ఉంది. పోటీ గట్టిగా ఉంటే పురుగుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో జాతీ తన మూలకు కుంచించుకుపోవాలి. వాళ్లు చూసింది దానికి విరుద్ధం. మొప్పల మీద మొత్తం పురుగులు పెరిగేకొద్దీ జాతులు వాడుకునే చోటు కూడా విస్తరించింది. జాతుల మధ్య బలమైన పోటీకి ఆధారం దొరకలేదు.

ఎందుకు నిండదు?

పురుగులు మేతా చోటూ పుష్కలంగా ఉన్నప్పుడు పెరిగి పెరిగి మొప్పలను నింపేయాలి కదా అనిపిస్తుంది. ఈ సందేహానికి జవాబు డాక్టైలోగైరస్ పిల్లలు పెట్టే పద్ధతిలో ఉంది. ఇది గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు చేప మీద ఉండవు, మొప్పల్లోంచి పారే నీటితో పాటు బయటికి పోతాయి. వెచ్చని నీళ్లలో కొద్ది రోజులకు పొదిగి, వెంట్రుకల్లాంటి నూగుతో ఈదే పిల్ల బయటికొస్తుంది. దానికి ఆయుష్షు చాలా తక్కువ, ఆలోపే సరైన జాతి చేప దొరకాలి. దొరకనివన్నీ చచ్చిపోతాయి.

అంటే ఒక చేప మీద ఉన్న పురుగులు ఆ చేప మీదే పెరిగినవి కావు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవి. తల్లి ఎంత బాగా తిన్నా, ఎన్ని గుడ్లు పెట్టినా, పిల్లలు మళ్లీ తన పక్కకే వచ్చి కూర్చుంటాయన్న భరోసా లేదు. ప్రతి తరమూ నీళ్లలో చెదిరిపోయి కొత్తగా లాటరీ తగలాలి. గౌజ్ గొట్టంలో పారమీసియంలు తప్పించుకునే దారి లేక అక్కడే కిక్కిరిసిపోయాయి. రోచ్ మొప్ప అలాంటి మూసిన గొట్టం కాదు. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్లే గౌజ్ సూత్రాన్ని పరాన్నజీవుల మీద నేరుగా రుద్దే పొరపాటు జరుగుతూ వచ్చింది.

రెండో కారణం ఇంకా ఆసక్తికరం. పరాన్నజీవులు చేపల మధ్య సమానంగా పంచుకుని ఉండవు. ఏ చెరువులో చూసినా ఎక్కువ చేపల మీద ఒకటో రెండో పురుగులుంటాయి, కొన్నింటి మీద అసలుండవు, ఏ కొద్దిపాటి చేపల మీదో గుట్టగా ఉంటాయి. ఇలా గుమికూడటం దాదాపు అన్ని పరాన్నజీవుల్లోనూ కనిపించే లక్షణం. దీని ఫలితం గణితంలో చక్కగా తేలుతుంది. ఒక జాతి పురుగులు కొన్ని చేపల మీద గుమికూడి, ఇంకో జాతి వేరే చేపల మీద గుమికూడితే, ప్రతి పురుగుకీ పక్కన తగిలేది ఎక్కువగా సొంత జాతే. అంటే పోటీ ఉన్నా అది తనవాళ్లతోనే ఎక్కువ. ప్రతి జాతీ ఎదుటి జాతి కంటే తనను తానే ఎక్కువగా అదుపు చేసుకుంటున్నంత కాలం ఏదీ ఏదాన్నీ తుడిచిపెట్టలేదు. ఇలా గుమికూడటం సహజీవనానికి దారి తీస్తుందని 1985లో ఆండ్రూ డాబ్సన్ అనే శాస్త్రవేత్త గణిత నమూనాలతో చూపించారు. ఇందులో ఒక మెలిక ఉంది. నీరసించిన చేప అన్ని జాతులనూ ఒకేసారి ఆకర్షిస్తే లెక్క తప్పుతుంది. అయినా సొంత జాతితో గుమికూడటం పరజాతితో గుమికూడటాన్ని మించి ఉన్నంతవరకూ సహజీవనానికి ఢోకా ఉండదు.

ఎవరి మూల వాళ్లదైతే అది పోటీ వల్లేనా?

పురుగులకు ఇష్టమైన చోట్లు ఉన్న మాట నిజమే. ఒక జాతి రేకు కొసన పట్టుకుంటే ఇంకోటి మొదట్లో పట్టుకుంటుంది. ఒకటి ముందు వంపుల మీద, ఇంకోటి వెనక వంపుల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పటం గీసి చూపించి, ఇదిగో పూర్వం కొట్లాడుకుని ఇప్పుడు పంచుకున్నాయి అనేవాళ్లు చాలామంది. జోసెఫ్ కానెల్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1980లో దీన్ని గట్టిగా ఎద్దేవా చేశారు. ఎప్పుడో జరిగిపోయిన పోటీ తాలూకు దెయ్యాన్ని సాక్ష్యంగా పిలవడం లాంటిదని ఆయన అభిప్రాయం. దెయ్యం వచ్చి సాక్ష్యం చెప్పదు, కాదనీ చెప్పదు.

ఆస్ట్రేలియాలో సముద్రపు చేపల పరాన్నజీవుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన క్లాస్ రోడ్ వేరే కారణం ప్రతిపాదించారు. ఆయన చూసిన చేపల్లో చాలా చోట్లు ఖాళీగానే ఉండేవి. పోటీ లేకపోయినా పురుగులు ఇరుకైన మూలకే పరిమితమయ్యేవి. ఎందుకంటే జత దొరకాలి. మిల్లీమీటరు కూడా లేని పురుగు, సంఖ్యలో నలుగురో అయిదుగురో ఉన్నప్పుడు, మొప్పలంతా చెల్లాచెదురైతే ఒకటి ఇంకోదాన్ని ఎప్పటికీ కలుసుకోలేదు. అందరూ ఒకే మూలకు చేరే అలవాటు ఉన్న జాతే పిల్లలు పెట్టగలుగుతుంది.

రోచ్ పురుగుల్లో ఈ వాదనకు మంచి బలం దొరికింది. ఒకే చోట కలిసి ఉండే జాతుల జననాంగాల ఆకారాలు బాగా వేరుగా ఉన్నాయి. చోట్లు దూరంగా ఉన్న జాతుల్లో అంత తేడా అవసరపడలేదు. పొరపాటున వేరే జాతితో జతకట్టకుండా ఉండాలంటే అయితే చోటు మారాలి, లేదా తాళం (జననాంగం ఆకారం) మారాలి. ఏదో ఒకటి మారితే చాలు. ఇక్కడ పురుగులు పంచుకున్నది తిండిని అనుకోవడం కంటే జతలను అనుకోవడమే నమ్మదగ్గట్టుగా ఉంది.

ఈ జాతులన్నీ వేర్వేరు చేపల నుంచి వలస వచ్చి చేరినవేనా అంటే, అదీ పూర్తిగా కాదు. అదే బృందం 2004లో డీఎన్‌ఏ ఆధారంగా డాక్టైలోగైరస్ వంశవృక్షం గీస్తే, ఒకే చేప మీద ఉంటూనే ఒక జాతి రెండుగా చీలిన సందర్భాలు బయటపడ్డాయి. అతిథులుగా వచ్చినవి కావు, ఇంట్లోనే వేరుకాపురం పెట్టినవి.

మన దేశంలో దీనికి దీటైన ఉదాహరణ వాలుగ చేప. 1952లో జైన్ అనే శాస్త్రవేత్త వాలుగ మొప్పల నుంచే థాపరోక్లైడస్ అనే ప్రజాతిని వర్ణించారు. తర్వాత అదే వాలుగ మీద ఆ ప్రజాతికి చెందిన జాతులు మరెన్నో దొరికాయి. పంగాసియస్ విషయం చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశంలోకి వచ్చి, ఆంధ్ర చెరువుల్లో బాగా పాతుకుపోయిన చేప ఇది. దీనితో పాటు థాపరోక్లైడస్‌లోనే రెండు జాతుల మొప్ప పురుగులు ఆగ్నేయాసియా నుంచి దిగాయి. దేశం దాటినా, నదిలోంచి చెరువులోకి మారినా రెండూ కలిసే ఉన్నాయి.

పోటీ నిజంగా జరిగే చోట్లు

ఇంతవరకూ చదివితే పరాన్నజీవుల మధ్య గొడవలే ఉండవని అనిపించవచ్చు. ఉంటాయి. ఎక్కడ ఉంటాయన్నదే తెలుసుకోవాల్సింది.

ఇజ్రాయెల్‌లో కార్పు చేపల చెరువుల మీద పనిచేసిన ఇలాన్ పాపెర్నా 1964లో ఒక స్పష్టమైన కేసు ప్రచురించారు. కార్పు మొప్పల మీద డాక్టైలోగైరస్ వాస్టేటర్, డాక్టైలోగైరస్ ఎక్స్‌టెన్సస్ అని రెండు జాతులుంటాయి. వాస్టేటర్ చేప పిల్లల మీద విరుచుకుపడినప్పుడు ఎక్స్‌టెన్సస్ మాయమయ్యేది. విశేషం ఏమిటంటే మొదటిది రెండోదాన్ని తరమలేదు, దాని తిండీ లాక్కోలేదు. వాస్టేటర్ కొక్కేలు దిగిన చోట మొప్ప పైపొర ఉబ్బి, కణాలు అడ్డదిడ్డంగా పెరిగి, రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి మొప్ప ఎక్స్‌టెన్సస్‌కు పనికిరాదు. ఆ మాటకొస్తే ముదిరాక వాస్టేటర్‌కూ పనికిరాదు. చేప పిల్ల ఊపిరాడక చస్తే రెండింటి కథా అక్కడితో ముగుస్తుంది. పోటీ జరిగింది పురుగుకూ పురుగుకూ మధ్య కాదు, చేప శరీరం చూపిన ప్రతిచర్య గుండా.

పేగుల్లో పరిస్థితి వేరు. అక్కడ తిండి ఒక దారిలోనే వస్తుంది, చోటూ గొట్టమంత. త్రీస్పైన్డ్ స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప పేగులో ఒక బద్దెపురుగు, ఒక ముళ్లతల పురుగు ఉంటాయి. ఇవి ఒకే చేపలో పడితే పేగులో ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిగి సర్దుకుంటాయని 1969లో చాపెల్ అనే పరిశోధకుడు నివేదించారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కడుంది, జంటగా ఉన్నప్పుడు ఎక్కడికి జరిగింది అని పోల్చి చూశారు కాబట్టి ఇది దెయ్యం సాక్ష్యం కాదు. మొప్పల మీద చేసిన అధ్యయనాల్లో ఇలాంటి పోలిక ఉన్నవి తక్కువే, వాటి ముగింపులను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి.

ఇక గప్పీలు. దోమల లార్వాలను తింటాయని మన మున్సిపాలిటీలు కాలువల్లో, గుంటల్లో వదిలే చేపలివే. వీటి సొంతూళ్లలో ఒకటైన ట్రినిడాడ్ వాగుల్లో వీటి చర్మం మీద గైరోడాక్టైలస్ అనే ఇంకో ప్రజాతి పురుగులు రెండు జాతులవి ఉంటాయి: ఒకటి ఎక్కువగా తోక వైపు, ఇంకోటి తల వైపు. గైరోడాక్టైలస్ గుడ్లు పెట్టదు, పిల్లను కంటుంది. పుట్టే పిల్ల కడుపులో అప్పటికే మరో పిల్ల పెరుగుతుంటుంది. ఒక్క పురుగు చేప మీదికి చేరితే చాలు, కొద్ది రోజుల్లో అక్కడే సంతానం గుట్టలవుతుంది. డాక్టైలోగైరస్ గురించి చెప్పిన లాటరీ వాదన దీనికి వర్తించదు. చేపే మూసిన గొట్టం అవుతుంది. అందుకే ఇక్కడ చోటు విభజన, చేప రోగనిరోధక శక్తి రెండూ ఎక్కువ బరువు మోస్తాయి. ఒకసారి సోకి కోలుకున్న గప్పీ కొంతకాలం పాటు మళ్లీ సులభంగా లొంగదు. ఆ కొద్దికాలం పురుగు వేరే చేపను వెతుక్కోవాల్సిందే.

అసలు చేపను వట్టి నేలగా, పురుగులను దాని మీది పంటగా చూడటమే ఈ రంగాన్ని చాలాకాలం తప్పుదోవ పట్టించింది. చేప ప్రతిఘటిస్తుంది, మారుతుంది, ఒకరికి తలుపు మూస్తూ ఇంకొకరికి తెరుస్తుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2006లో రెయిన్‌బో ట్రౌట్ మీద చేసిన ప్రయోగంలో, చేప పేను పట్టిన చేపలు ఫ్లేవోబాక్టీరియం కాలమ్నారే అనే బ్యాక్టీరియాకు మరింత తేలిగ్గా బలయ్యాయి. పేను చేసిన గాయం, చేప పడిన ఒత్తిడి రెండోవాడికి కలిసొచ్చాయి. ఇక్కడ పోటీ లేదు సరికదా, సాయం ఉంది.

గమ్యం, అంటే పురుగు తర్వాత చేరాల్సిన జీవి, కూడా లెక్కలోకి వస్తుంది. డిప్లోస్టోమమ్ అనే చదును పురుగుల పిల్లలు చేప కంట్లో కాపురం పెడతాయి: కొన్ని జాతులు కటకంలో, కొన్ని దాని వెనక ద్రవంలో. కటకంలోకి చేప రక్షణ వ్యవస్థ చేరలేదు కాబట్టి అది పరాన్నజీవికి సురక్షితమైన చోటు. కన్ను మసకబారిన చేప కొంగకో సీగల్‌కో దొరికిపోతుంది, పురుగుకు కావాల్సిందీ అదే. రెండు జాతులకూ ఒకే పక్షి కావాలంటే వాటి ప్రయోజనం ఒకటే. తొందర ఉన్నది ఒకటి, ఇంకా ఎదగాల్సింది మరొకటి అయితే మాత్రం గొడవే. చేపను చేరకముందే, అది తినే కోపీపాడ్ అనే చిన్న నీటి జీవి ఒంట్లోనే ఈ గొడవ జరగడాన్ని జర్మనీలో హాఫర్, మిలిన్స్కీ 2015లో చూపించారు. బద్దెపురుగు ఒకటి ఎదిగి సిద్ధంగా ఉంటే కోపీపాడ్‌ను చురుగ్గా తిప్పి చేప నోటికి అందేలా చేస్తుంది. ఎదగని రెండోది లోపలే ఉన్నా దాని మాట చెల్లదు.

చెరువులో ఏం మారుతుంది

కైకలూరు, ఆకివీడు, భీమవరం చుట్టూ ఉన్న చేపల చెరువులకు ఈ చర్చతో నేరుగా పని ఉంది. నదిలో ఈదే పురుగు పిల్లకు చేప దొరకడమే కష్టం. చెరువులో అడుగుకో చేప. లాటరీలో దాదాపు అందరికీ టికెట్ తగులుతుంది. పురుగులు మొప్పలను నింపడం మొదలవుతుంది. నదిలో కనబడని పోటీ, పాపెర్నా చూసిన తరహా తొలగింపు, పేను గాయం వెంట వచ్చే బ్యాక్టీరియా, అన్నీ ఇక్కడ బయటపడతాయి. శీలావతికి పేను పట్టిందని మందు కొడితే అది పేనుకు పనిచేస్తుంది. మొప్పల్లోని పురుగుకు అదే మందు పనిచేస్తుందన్న హామీ లేదు, రెండూ పూర్తిగా వేరే తెగల జీవులు. పేను పోయినా చేప నీరసంగానే ఉందంటే మొప్ప మూత ఎత్తి చూడాల్సిందే.

ఎన్ని చేపలను చూడాలన్న దగ్గర గుమికూడే లక్షణం మళ్లీ అడ్డొస్తుంది. పది చేపల్లో తొమ్మిదింటి మీద రెండేసి పురుగులు, పదోదాని మీద 82 ఉన్నాయనుకుందాం. సగటు పది. కానీ పది పురుగులున్న చేప ఆ గుంపులో ఒక్కటీ లేదు. వలలో పడ్డ మూడు చేపలను చూసి చెరువంతా బాగుందనుకోవచ్చు, ఆ పదోది ఒక్కటే పడితే చెరువంతా పోయిందని టెన్షన్ పడవచ్చు. గట్టు పక్కన నీరసంగా తేలుతున్న చేపను పట్టి కోయడం ఇంకా మోసం చేస్తుంది, ఆ పదోది అయ్యే అవకాశం దానికే ఎక్కువ. చెరువులో నాలుగైదు చోట్ల వల వేసి, దొరికినవాటిలో ఏరకుండా తీసిన పాతిక చేపల మొప్పలను విడివిడిగా లెక్కబెడితే తప్ప అసలు బొమ్మ రాదు. లెక్కతో పాటు జాతి కూడా రాసుకోవాలి. మొప్ప పురుగు ఉంది అని మాత్రమే రాసిన రిపోర్టు చూస్తే, ఉన్నది వాస్టేటర్ లాగా మొప్పను పాడుచేసేదో, ఎక్స్‌టెన్సస్ లాగా దాని దెబ్బకు తప్పుకునేదో తెలియదు.